వింటినారి: ఎన్నిక, మచ్చిక, సంరక్షణ

యుద్ధాలను, వేటలను గురించి రాసిన చరిత్రకారులు కత్తికి పుటలు కేటాయించారు, గుర్రానికి అధ్యాయాలు కేటాయించారు, ఫిరంగికి గ్రంథాలే కేటాయించారు. వింటికి దక్కిన చోటు తక్కువ. వింటికి కట్టే నారికైతే ఒకటి రెండు వాక్యాలకు మించి దక్కలేదు. కాని విలువిద్యను వృత్తిగా చేపట్టి, దానిపై అరబీ భాషలో గ్రంథాలు రాసిన మధ్యయుగపు ముస్లిం గురువులు అలా వదిలిపెట్టలేదు. నారిని దేనితో చేయాలి, ఎంత లావుండాలి, ముడి ఎలా వేయాలి అన్న సంగతులను వారు వేరుగా తీసుకుని చర్చించారు. రెండు మూరల తాడుకు ఇంత చర్చ ఎందుకు?

ఫిఖ్హ్ గ్రంథాలలోని వేట ప్రకరణాన్ని, అంటే కితాబుస్సైద్‌ను, తెలుగులోకి తేదలచినవారికి ఈ ప్రశ్న తప్పదు. వేటగానిపై షరీఅత్ మోపిన బాధ్యతలు మూడు: జంతువును అనవసరంగా బాధపెట్టకూడదు, దాని మాంసం హలాల్ అయ్యే విధంగానే దాన్ని పడగొట్టాలి, పడగొట్టిన దాన్ని వృథా చేయకూడదు. విల్లు ఎంత గట్టిదైనా, బాణం ఎంత పదునైనదైనా, ఈ మూడు బాధ్యతలూ చివరకు నారి మీదనే వ్రేలాడుతున్నాయి. నారి వదులైతే బాణం గుచ్చుకోదు. పోగు తెగితే గురి తప్పుతుంది. గాయపడిన జంతువు పొదలలోకి పోయి, ఎవరికీ దక్కకుండా చస్తుంది. కావున నారిని ఎన్నుకోవడం, దాన్ని మచ్చిక చేసుకోవడం, దాచుకోవడం అనేవి కేవలం చేతిపని విషయాలు కావు. అవి అమానతుకు సంబంధించిన విషయాలు. ఈ వ్యాసంలో చెప్పదలచింది ఇదే.

మాటల వెనుక చరిత్ర

అరబీలో వింటినారిని 'వతర్' అంటారు. మనం ఇషా తరువాత చేసే 'విత్ర్' నమాజు పేరులో ఉన్నవి కూడా ఇవే మూడు అక్షరాలు: వావ్, తా, రా. అచ్చులు మారగానే అర్థం మారి ఒకటి 'నారి', మరొకటి 'బేసి' అయింది. జేర్, జబర్ లేని రాతప్రతిని చదివేవారు సందర్భం చూసి తప్ప ఈ రెంటినీ వేరుచేయలేరు. ఫార్సీలో నారి పేరు 'జిహ్'. నారిని లాగేటప్పుడు బొటనవ్రేలు కోసుకుపోకుండా తొడుక్కునే ఉంగరం 'జిహ్‌గీర్'. అంటే నారిని పట్టేది. దక్కనీ, ఉర్దూ ఇళ్లలో 'చిల్లా' అన్న మాట వినబడుతుంది. నలభై దినాల ఏకాంత ఆరాధనకూ అదే పేరు, నారికీ అదే పేరు. విల్లు ఎక్కుపెట్టడాన్ని ఉర్దూలో 'చిల్లా చఢానా' అంటారు.

మన తెలుగు ఈ విషయంలో బీద భాష కాదు. నారి, అల్లె, అల్లెత్రాడు, గొనయం అని నాలుగు మాటలు నిఘంటువులలో ఉన్నాయి. 'నారి' అన్న మాట వినగానే 'నార' గుర్తుకు వస్తుంది. తెలుగు దేశంలో నారి ప్రధానంగా చెట్టునారతో అయ్యేదన్న సంగతిని ఆ మాటే గుర్తుచేస్తోంది. సంస్కృతంలోని 'మౌర్వి' కూడా ఇట్టిదే. 'మూర్వ' అనే నారమొక్కతో చేసినది కనుక మౌర్వి.

ఇంకొక మాటను పాఠకులు గమనించాలి. పిట్లం బజారులో ఎవరిని అడిగినా 'బందూకు' అంటే తుపాకి అనే చెబుతారు. కాని అరబీలో 'బుందుఖ్' అంటే మొదట ఒక గింజ. నల్లసముద్ర తీరం నుండి వచ్చే ఒక రకపు కాయ. ఆ గింజంత పరిమాణంలో మట్టి ఉండలు చేసి, వాటిని వింటితో కొట్టి పక్షులను వేటాడేవారు. ఆ ఉండకూ బుందుఖ్ అనే పేరు వచ్చింది. పిమ్మట సీసపు గుండు వచ్చినప్పుడు ఆ పేరే దానికి, దాన్ని పేల్చే ఆయుధానికి అంటుకుంది. ఈ విధంగా నారితో కొట్టిన మట్టి ఉండ జ్ఞాపకం నేటికీ మన నోళ్లలో ఉన్నది. ఆ వింటికి తెలుగులో పేరు 'ఉండవిల్లు'; నేటి పిల్లల చేతిలోని 'ఉండేలు' ఆ మాటకు వారసురాలు. పాత ఉండవింటికి నారి నడుమ ఉండను నిలిపే చిన్న సంచి ఉండేది. నేటి ఉండేలులో నారి పోయి రబ్బరు వచ్చింది. సంచి మాత్రం మిగిలింది.

అడ్డవిల్లు: నారికి కఠిన పరీక్ష

చేతివింటిని విలుకాడు తన కండబలంతో లాగి, క్షణంలో వదులుతాడు. మరొక రకం విల్లు ఉన్నది. దానిలో విల్లును ఒక కర్రకు అడ్డంగా బిగిస్తారు. నారిని వెనుకకు లాగి ఒక కొక్కేనికి తగిలిస్తారు. వేటగాడు తీరికగా గురి చూసుకుని, మీట నొక్కి వదులుతాడు. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు కాబట్టి ఈ వ్యాసంలో 'అడ్డవిల్లు' అంటున్నాను. దీన్ని ఎక్కుపెట్టడానికి పాదాలతో వింటిని అదిమిపెట్టి నడుము బలంతో నారిని లాగేవారు గనుక అరబీలో 'ఖౌసుర్రిజ్ల్', అంటే కాలివిల్లు అన్నారు. ఫార్సీ వాడుకలో 'చర్ఖ్' అన్న పేరు కూడా ఉన్నది.

మొదట్లో దీనిపై కొంత వివాదం నడిచింది. దైవప్రవక్త (స) ఒకరి చేతిలో పారశీక వింటిని చూసి, దాన్ని వదిలి అరబ్బు వింటిని పట్టుకొమ్మన్నారని ఇబ్నె మాజా సంకలనంలో ఒక ఉల్లేఖనం ఉంది. కొందరు ఆ పారశీక విల్లు ఈ కాలివిల్లేనన్నారు. కాని ఆ ఉల్లేఖన పరంపర బలహీనమైనదని హదీసు పండితులు నిర్ణయించారు. ఆచరణలోనైతే అందలూసియా మొదలు ఈరాను వరకు ముస్లింలు అన్ని రకాల విండ్లనూ వాడారు.

సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ కోసం 12వ శతాబ్ది చివరలో మర్దీ బిన్ అలీ అత్తర్సూసీ ఒక ఆయుధ గ్రంథాన్ని రచించాడు. ఇస్కందరియాకు చెందిన అబుల్ హసన్ ఇబ్నుల్ అబ్రఖీ అనే ఆయుధ శిల్పి వద్ద తాను నేర్చుకున్న సంగతులను అందులో చేర్చాడు. చేతివిండ్లతో పాటు పలు రకాల అడ్డవిండ్ల నిర్మాణం ఆ గ్రంథంలో ఉంది. దాని రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నది; 1947–48లో ఫ్రెంచి పండితుడు క్లోద్ కాహెన్ అందులోని ముఖ్య భాగాలను ప్రకటించాడు. మమ్లూకు కాలంలో, 1368 ప్రాంతాన, తైబుగా అల్ బక్లమీషీ విలువిద్యపై రాసిన గ్రంథం 1970లో లాథమ్, ప్యాటర్సన్ అనువాదంతో ఇంగ్లీషులోకి వెళ్లింది. 1500 ప్రాంతాన మగ్రిబ్‌లో రాసిన మరో అరబీ గ్రంథాన్ని నబీహ్ అమీన్ ఫారిస్, ఎల్మర్ 1945లో ఇంగ్లీషు చేశారు. ఢిల్లీలో సుల్తాన్ ఇల్తుత్‌మిష్‌కు అంకితమైన ఫఖ్రె ముదబ్బిర్ ఫార్సీ గ్రంథం 'ఆదాబుల్ హర్బ్'లోనూ విండ్ల ముచ్చట విస్తారంగా ఉంది.

దక్కనులో ఈ విద్య పరాయిది కాదు. పిట్లానికి దగ్గరలోని కౌలాస్ కోట 14వ శతాబ్ది నడుమ కాపయ నాయకుని నుండి బహమనీ సుల్తాను అలావుద్దీన్ హసన్ వశమైంది. ఫిరంగులు పెరగక ముందు అట్టి కోటల కాపలాకు విల్లే ప్రధానాధారం. దక్కను సేనలలో చేతివిల్లు ముఖ్యం. అడ్డవింటికి అసలు ఇల్లు శాము, మిసరు, అందలూసియా. అయినా నారి ధర్మం తెలుసుకోవడానికి అడ్డవిల్లే మంచి గీటురాయి. ఎందుకంటే చేతివింటి నారి బిగువులో ఉండేది క్షణకాలం. అడ్డవింటి నారి గురి కుదిరేదాకా పూర్తి బిగువుతో కొక్కెం మీద నిలిచి ఉంటుంది. విడిచినప్పుడు కర్రపై రాచుకుంటూ పోతుంది. విల్లు పొట్టిది, గట్టిది కావడంతో నారి మీద పడే దెబ్బ ఎక్కువ. చేతివింటికి పనికివచ్చే నారి అడ్డవింటిపై నాలుగు బాణాలకే పీచుపీచు కావచ్చు.

షరీఅత్ దృష్టిలో

హాతిం తాయీ కుమారుడు హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) స్వయంగా వేటగాడు. ఆయన దైవప్రవక్త (స)ను 'మిఅరాజ్' అనే, ఈకలు లేని మొద్దు బాణం విషయమై అడిగారు. అది మొనతో తగిలి గుచ్చుకుంటే ఆ వేటను తినవచ్చుననీ, అడ్డంగా తగిలి దెబ్బతో చంపితే అది 'వఖీజ్' గనుక తినరాదనీ ప్రవక్త (స) సెలవిచ్చారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉన్నది. మాయిదా సూరా 3వ ఆయత్‌లో నిషేధించబడిన 'మౌఖూజా', అంటే దెబ్బ తగిలి చచ్చిన జంతువు, ఇదే కోవలోనిది.

ఇందులో నారి ప్రమేయం ఏమిటో ఆలోచించండి. అదే బాణం, అదే మొన, అదే చేయి. నారి బిగువుగా, నడిమధ్యన సరిగా ఉంటే బాణం మొనతో పోయి గుచ్చుకుంటుంది. నారి సాగిపోయినా, ఒకవైపు వాలినా బాణం తోక ఊగి అడ్డంగా తగలవచ్చు. మొదటిది హలాల్ ఆహారం, రెండవది మురదారు. ఈ రెంటి నడుమ ఉన్నది ఒక తాడు.

మట్టి ఉండ విషయంలో నియమం మరింత స్పష్టం. ఉండదెబ్బకు చచ్చినది మౌఖూజాయేనని హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) అభిప్రాయాన్ని ఇమాం బుఖారీ (రహ్మ) పేర్కొన్నారు. 1197లో మరణించిన ఇమాం మర్గీనానీ (రహ్మ) హనఫీ గ్రంథం 'హిదాయా'లో దీనికి కారణం చెప్పారు: ఉండ నలగగొడుతుంది, విరగగొడుతుంది, కాని గాయపరచి నెత్తురు పారించదు. పక్షి ప్రాణంతో చిక్కి, దాన్ని జిబహ్ చేస్తే మాత్రం హలాల్. 1207లో అబ్బాసీ ఖలీఫా అన్నాసిర్ లిదీనిల్లాహ్ ఫుతువ్వత్ సంఘాలను తన అధీనంలోకి తెచ్చినప్పుడు, ఉండవింటి విలుకాండ్ర బృందాలకు కూడా తానే పెద్దనని ప్రకటించుకున్నాడు. రాజులు ఆడిన ఆ ఆట ముందు కూడా ఫుఖహాలు తమ నియమాన్ని సడలించలేదు.

నారి తెగడం గురించి కూడా వారు ఆలోచించారు. విలుకాడు నారిని లాగుతుండగా అది తెగిపోయి, తెగిన దెబ్బకే బాణం ఎగిరి వేటకు తగిలితే ఆ మాంసం మాటేమిటి? షాఫియీ పండితులు ఈ సమస్యను చర్చించి, అది హలాల్ అన్నదే మరింత సరైన అభిప్రాయమని తేల్చారు. కొట్టాలన్న సంకల్పం, దానికి తగిన పని రెండూ వేటగాని వైపు నుండి జరిగే ఉన్నాయి. గ్రంథాలలో ఇట్టి ప్రశ్న నిలిచిందంటే నారి తెగడం వేటలో ఊహించదగిన సంగతే అన్నమాట.

వీటన్నిటికీ మూలం హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన హదీసు. అల్లాహ్ ప్రతి పనిలోనూ 'ఇహ్‌సాన్'ను విధించాడనీ, జిబహ్ చేసేవాడు కత్తిని పదును పెట్టుకుని జంతువుకు బాధ తగ్గించాలనీ దాని భావం. జిబహ్‌కు కత్తి పదును ఎట్టిదో వేటకు నారి బిగువు అట్టిది.

ఎన్నిక

అరబీ గ్రంథాలు నారికి చెప్పిన వస్తువులు పట్టు, తోలు, నరం, పేగు. మన దేశపు పాత జాబితా ఇంకా పెద్దది. కౌటిల్యుని అర్థశాస్త్రం ఆరు పేర్కొంటుంది: మూర్వ, అర్కం, శణం, గవేధు, వేణువు, స్నాయువు. వీటిలో అర్కం మన జిల్లేడు, శణం జనుము, వేణువు వెదురు, స్నాయువు జంతునరం, గవేధు ఒక గడ్డిజాతి. మూర్వను పలువురు మన చాగమొక్కగా గుర్తించారు. కత్తుల వంటి మందమైన ఆకులు నేల నుండి నిటారుగా లేచే ఆ మొక్క నుండి తీసేదే చాగనార. ఇంగ్లీషు వృక్షశాస్త్ర గ్రంథాలలో దాని పేరుకు అర్థమే 'వింటినారి జనుము'. 18వ శతాబ్ది చివరలో సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో ఈ నారను బరువులు వ్రేలాడదీసి పరీక్షించి, తాడుకు ఇది మేలైన నార అని మెచ్చుకున్నాడు.

జనుము మన రైతుకు తెలియనిది కాదు. మంజీరా పరీవాహకంలోనే కాదు, తెలంగాణ అంతటా పచ్చిరొట్టకూ, పగ్గాలకూ వేసే పైరు అది. జిల్లేడు ప్రతి బాట పక్కనా మొలుస్తుంది. దాని కాడలను ఎండబెట్టి ఒలిస్తే పట్టు వలె మెరిసే సన్నని నార వస్తుంది, గట్టిదనంలో జనుముకు తీసిపోదు. అయితే ఒలవడానికి ఓపిక కావాలి.

ముస్లిం పనివానికి వస్తువు ఎన్నికలో మరొక విచారణ కూడా ఉన్నది: శుద్ధత. జిబహ్ చేసిన హలాల్ జంతువు పేగు, నరం, తోలు శుద్ధమైనవే. చచ్చిన జంతువు తోలైనా, దాన్ని ఊనితే శుద్ధమవుతుందని హదీసులో ఉంది. చెట్టునార విషయంలో, పట్టు విషయంలో ఈ ప్రశ్నే రాదు. మగవారికి పట్టు వస్త్రధారణ నిషిద్ధమే గాని, పట్టు నారి తొడుక్కునే వస్త్రం కాదు. విలువిద్యా గురువులు దాన్ని సంకోచం లేకుండా వాడారు.

వస్తువు కుదిరిన తరువాత లావు. సన్నని నారి తేలిక గనుక బాణం వడిగా పోతుంది. కాని త్వరగా తెగుతుంది. లావు నారి నమ్మకమైనది; కాని తన బరువును తానే మోసుకుపోవడంలో వింటి బలాన్ని కొంత మింగుతుంది. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటి ఉన్నది. విల్లు 50 కిలోల బిగువుదైతే 50 కిలోలు మోసే నారి చాలుననుకుంటారు. చాలదు. బాణాన్ని విడిచి వింటికొనలు ముందుకు దూకి ఒక్కసారిగా ఆగినప్పుడు నారిపై పడే కుదుపు ఆ బిగువుకు మించినది. కాబట్టి నారి సత్తువ వింటి బిగువుకు కొన్ని రెట్లుండాలి. అడ్డవింటికైతే ఇంకా ఎక్కువ.

పొడవు కూడా అంతే ముఖ్యం. నారి పొట్టిదైతే విల్లు ఎప్పుడూ అవసరానికి మించి వంగి ఉండి అలసిపోతుంది. బాణాన్ని తోసే దూరమూ తగ్గుతుంది. పొడవైతే వదులుగా ఆడి, బాణం తోకను సరిగా పట్టదు. అడ్డవింటిలో నారి కర్ర మీద తేలికగా ఆని ఉండాలి. మరీ అదిమితే రాపిడికి అరుగుతుంది. పైకి లేస్తే బాణం మీదుగా దూకిపోతుంది.

కొనేటప్పుడు చేసే పరీక్ష సులువైనది. కళ్లు మూసుకుని నారిని వ్రేళ్ల నడుమ మెల్లగా జారనివ్వాలి. కంటికి కనబడని గుబ్బ, పలుచన వ్రేళ్లకు తెలుస్తాయి. ఆపైన వెలుతురుకు ఎదురుగా పట్టి లేచిన పీచులు చూడాలి. చివరగా రెండు కొనలు పట్టి లాగి, మీటి వినాలి. పోగులన్నీ సమంగా బిగిసిన నారి ఒకే స్వరం పలుకుతుంది. వదులు పోగులున్న నారి మూలుగుతుంది.

కట్టడం, మచ్చిక చేయడం

నారిని పగ్గం వలె పురి ఎక్కించి పేనవచ్చు. కాని అడ్డవింటికి మేలైన పద్ధతి వేరు. రెండు మేకులు దిగగొట్టి, వాటి చుట్టూ ఒకే దారాన్ని తెగకుండా, సమమైన బిగువుతో పలుమార్లు తిప్పుతారు. అప్పుడు పోగులు ఒకదాని పక్కన ఒకటి నిలుస్తాయి. రెండు కొనలలో ఉచ్చులు ఏర్పడే చోట, నడుమ కొక్కెం తగిలే చోట వేరే దారంతో దట్టంగా చుడతారు. ఆ చుట్టుదారం రాపిడిని తాను భరించి లోపలి పోగులను కాపాడుతుంది; అరిగినప్పుడు దాన్ని మాత్రం విప్పి మళ్లీ చుట్టవచ్చు. తురుష్కుల చేతివిండ్లలో ఉచ్చులను వేరుగా చేసి నారి కొనలకు ముడివేసేవారు. దానివల్ల ఉచ్చు అరిగితే ఉచ్చునే మార్చేవారు, నారి నిలిచేది.

ఈ పోగులను నమాజులోని సఫ్‌తో పోల్చవచ్చు. అందరూ సమంగా నిలిస్తే బరువు అందరిదీ. కొందరు వెనుకబడితే ముందున్న కొద్దిమంది మీదనే అంతా పడుతుంది. నారిలో పది పోగులు వదులుగా ఉంటే మిగిలినవి వాటి భారం కూడా మోసి ఒకటొకటిగా తెగుతాయి. నారి ఒక్కసారిగా తెగినట్టు మనకు తోస్తుంది గాని, అది నిజానికి ఎన్నో దినాలుగా తెగుతూ వచ్చి ఉంటుంది.

కొత్త నారిని మచ్చిక చేయడం అంటే ఈ పోగులన్నిటికీ తమ తమ చోటు చూపించడమే. దానికి తొందర పనికిరాదు. మొదట నారిని ఒక దూలానికి తగిలించి కింద మోస్తరు బరువు కట్టి ఒక రాత్రి వదిలేయాలి. తెల్లవారేసరికి అది కొంత సాగి ఉంటుంది. ఈ సాగుడు వేటలో జరగడం కంటే ఇంటిలో జరగడం మేలు. తరువాత తేనెమైనాన్ని నారి పొడవునా రాసి, తోలుముక్కతో వేడి పుట్టేదాకా రుద్దాలి. ఆ వేడికి మైనం కరిగి పోగుల నడుమకు దిగి, వాటిని ఒకటిగా అంటిస్తుంది; తేమను బయట నిలుపుతుంది.

అప్పుడు వింటికి ఎక్కించాలి. ఎక్కించిన వెంటనే లాగక కొన్ని గంటలు అట్లే ఉంచి, సాగిన మేరకు ఒకటి రెండు పురులు తిప్పి పొడవు సరిచేయాలి. ఆపైన సగం దాకా లాగి, వదలకుండా చేతితోనే మెల్లగా వెనుకకు తేవాలి. పలుమార్లు ఇలా చేసిన పిమ్మట బరువైన బాణాలతో, దగ్గరి మట్టిగోడకు గురిపెట్టి కొట్టాలి. బాణం లేకుండా ఉత్తనారిని ఎన్నడూ విడువరాదు. బాణం తీసుకుపోవలసిన బలమంతా వింటిలోకి, నారిలోకి తిరిగివచ్చి రెంటినీ చీలుస్తుంది. కొన్ని బాణాలు కొట్టిన ప్రతిసారి విల్లుకూ నారికీ నడుమ ఎడాన్ని ఒక పుల్లతో కొలిచి చూడాలి. ఆ కొలత మారడం మానిందంటే నారి మచ్చికైందన్నమాట. అంతవరకు దానితో ప్రాణి మీద బాణం వేయడం ఇహ్‌సాన్ కాదు.

ఇట్లే మచ్చికైన నారి మరొకటి సంచిలో ఉండాలి. కొత్త నారిని అడవిలో ఎక్కించినవాడు నారి లేనివానితో సమానమే. గురి ఎక్కడికి పోతుందో అతనికీ తెలియదు.

సంరక్షణ

నారికి శత్రువులు నాలుగు: తేమ, ఎండ, మడత, ఎలుక. మన ప్రాంతపు వాతావరణంలో మొదటి రెండూ ఒకే ఏడాదిలో వస్తాయి. మేలో ఎండ దేన్నైనా పెళుసు చేస్తుంది. జూన్ నుండి సెప్టెంబరు దాకా గోడలు కూడా చెమ్మగిల్లుతాయి. తోలు, నరం తడిస్తే మెత్తబడి సాగుతాయి, ఆరితే బిగుసుకుంటాయి. చెట్టునార పేనిన తాడైతే తడిసి ఉబ్బి పొట్టిదవుతుంది. తేమ అలాగే నిలిస్తే కుళ్లుతుంది. అందుకే వస్తువును బట్టి ఋతువును ఎన్నుకోవాలి. పొడి వేసవికి తోలు నారి సరిపోతుంది. వానకాలానికి మైనం పట్టించిన పట్టు గాని, నార గాని మేలు.

దీన్ని నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో 1346లో ఫ్రాన్సులోని క్రేసీ యుద్ధం చూపింది. యుద్ధానికి ముందు కురిసిన వానలో జెనోవా అడ్డవిలుకాండ్ర నారులు తడిసి పనికిరాకపోయాయని ఆ కాలపు ఫ్రెంచి చరిత్రకారుడు జాన్ ద వెనెత్ రాశాడు. ఎదుటి ఇంగ్లీషు విలుకాండ్రు తమ నారులను విప్పి శిరస్త్రాణాల కింద దాచుకున్నారట. చేతివింటి నారిని నిమిషంలో విప్పవచ్చు; గట్టి అడ్డవింటి నారి అంత సులువుగా ఊడిరాదు. ఓటమికి వేరే కారణాలు కూడా లేకపోలేదు. కాని సమకాలికులకు తోచిన కారణాలలో తడిసిన నారి ఒకటి కావడం గమనార్హం.

దాచే పద్ధతి ఇది. పని ముగియగానే నారిని దించి వింటికి, నారికి రెంటికీ విశ్రాంతి ఇవ్వాలి. అడ్డవింటి నారిని దించడం కుదరకపోతే కనీసం కొక్కెం నుండి తప్పించాలి. దుమ్మును పొడిగుడ్డతో తుడవాలి. మైనంలో ఇరుక్కున్న ఇసుక లోపలి పోగులను ఆకురాయి వలె కోస్తుంది. పలుచగా మైనం రాసి, మడవకుండా పెద్ద వలయంగా చుట్టి, తోలు సంచిలో గాని మందపు గుడ్డలో గాని పెట్టాలి. పొయ్యి దగ్గర, ఎండ తగిలే కిటికీ దగ్గర ఉంచరాదు. పేగు, తోలు, మైనం వాసనకు ఎలుకలు వస్తాయి కనుక మూత గట్టిగా పడే సందూకులో ఉంచడం శ్రేయస్కరం. ఏడాదికి రెండుసార్లు, వానకాలం ముందు ఒకసారి, వెనుక ఒకసారి, తీసి వ్రేళ్ల మధ్య జారనిచ్చి చూడాలి.

అరిగిన నారి

నారికి కూడా ఆయువు ఉన్నది. ఒక పోగు తెగి బయటికి కనబడిందంటే ఆ నారిని వింటి నుండి తప్పించాలి. తప్పించిన నారిని ఏం చేసేవారు? అజ్ఞాన కాలపు అరబ్బులు అరిగిన వింటినారిని ఒంటెల మెడలో కట్టేవారు. దిష్టి తగలదని నమ్మకం. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) మనిషిని పంపి, ఏ ఒంటె మెడలోనూ నారి హారం మిగలరాదని, ఉంటే కోసివేయాలని ఆదేశించినట్టు హజ్రత్ అబూ బషీర్ అన్సారీ (రజి) ఉల్లేఖించారు. ఇది దిష్టి నమ్మకం కారణంగానేనని తాను భావిస్తున్నట్టు ఇమాం మాలిక్ (రహ్మ) వివరించారు.

ఈ హదీసు తౌహీద్‌కు సంబంధించినదన్నది నిజమే. కాని నారి చరిత్ర చదివినవారికి మరొక సంగతి కూడా స్ఫురిస్తుంది. వింటి మీద ఉన్నంతకాలం ఎవరు కాపాడుకోవాలో వారే కాపాడుకోవలసిన వస్తువు అది. పనికిరానిదై వింటి నుండి దిగిన పిమ్మట అదే తమను కాపాడుతుందని మెడలో కట్టడం ఎంత విపరీతం! సాధనం సాధనంగానే ఉండాలి. దాన్ని శ్రద్ధగా చూసుకోవడం మన బాధ్యత. దాని నుండి రక్షణ కోరడం మన పని కాదు.

ఈనాడు

మన దేశంలో వన్యప్రాణుల వేట నేడు చట్టవిరుద్ధం. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1991 సవరణ మరింత కఠినం చేసింది. ఆకలి తీర్చుకోవడానికి కాక కేవలం వినోదానికై ప్రాణిని చంపడాన్ని ఫుఖహాలు మొదటినుండీ గర్హించారు కాబట్టి, ఈ చట్టాన్ని పాటించడంలో ముస్లింకు ఎట్టి ఇబ్బందీ లేదు. నేటి విలువిద్య మైదానంలో గురిచుట్ల ముందు సాగుతున్నది. నారులు కృత్రిమ దారాలతో వస్తున్నాయి. అవి తడవవు, దాదాపు సాగవు. పై నియమాలలో సగం వాటికి అక్కరలేదు.

అయితే ఈ చరిత్రతో మనకేమి పని? రెండు పనులున్నాయి. మొదటిది భాషకు సంబంధించినది. కితాబుస్సైద్‌ను తెలుగులో చదివే విద్యార్థికి 'వతర్' అన్నచోట నారి కనబడాలి, 'బుందుఖా' అన్నచోట తుపాకి గుండు కాక మట్టి ఉండ కనబడాలి. లేకపోతే ఆ పాత తీర్పులు ఏ వస్తువును చూసి ఇచ్చినవో అతనికి బోధపడదు. వాటిని నేటి తుపాకి గుండుకు అన్వయించవచ్చునా లేదా అన్న చర్చ కూడా గాలిలో సాగుతుంది. జనుము పేనేవారి నోట పోగు, పురి, ఉచ్చు అన్న మాటలు ఇంకా ఉన్నాయి. నైలాను తాళ్లు బజారును ముంచెత్తిన ఈ దినాలలో వాటిని ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.

రెండవది నడతకు సంబంధించినది. ఒక బాణం కారణంగా ముగ్గురికి స్వర్గ ప్రవేశమని, వారిలో మొదటివాడు మేలు కోరి దాన్ని తయారుచేసినవాడని హదీసు సంకలనాలలో ఉన్నది. కొట్టినవాని పేరు లోకానికి తెలుస్తుంది. తయారుచేసినవాని పేరు తెలియదు. నారి పేనినవాడు ఎక్కడో ఒక వాకిట్లో కూర్చుని, ఒక వదులు పోగును చూసీ చూడనట్టు వదిలివేసి ఉండవచ్చు. ఎవరూ పట్టుకునేవారు కారు. దాన్ని విప్పి మళ్లీ చుట్టినవాడు, తాను ఎన్నడూ చూడబోని ఒక వేటగాని గురిని, తాను ఎన్నడూ చూడబోని ఒక జంతువు బాధను దృష్టిలో ఉంచుకున్నాడు. అమానతు అంటే అదే. వేట పోయింది, విల్లు మ్యూజియంకు చేరింది. అయితే ఎవరూ చూడని పోగును సరిచేయవలసిన పని మాత్రం మనలో ప్రతి ఒక్కరి వృత్తిలోనూ మిగిలే ఉన్నది.